కరెంటు బాకీ: ఏపీ ఎందుకు వదులుకోదు? ఇబ్రహీంపూర్ రైతుకేంటి సంబంధం?

సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌లో బోరు మోటరు నడిస్తే రైతుకు బిల్లు రాదు. కానీ ఆ కరెంటుకు ఎవరో ఒకరు డబ్బు కట్టాల్సిందే. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య తెగని పంచాయితీ కూడా ఇదే.

అసలేం జరిగింది?
2014 జూన్ 2 నుంచి 2017 జూన్ 10 వరకు ఏపీ జెన్‌కో తెలంగాణకు కరెంటిచ్చింది. 2022 ఆగస్టు 29న కేంద్రం లెక్క తేల్చింది. అసలు రూ.3,441.78 కోట్లు, లేటు సర్‌చార్జి రూ.3,315.14 కోట్లు, 30 రోజుల్లో కట్టాలంది. ఏపీయే తమకు బాకీ ఉందంటూ తెలంగాణ ఎదురు లెక్క చూపింది, హైకోర్టుకెళ్లింది. 2023 అక్టోబర్‌లో కోర్టు ఆ ఆర్డర్‌ను కొట్టేసింది. ఆర్డర్ పోయింది సరే, బాకీ గొడవ పోలేదు.

మాఫీ చేయొచ్చుగా?
అక్కడే చిక్కు. బొగ్గుకు, జీతాలకు జెన్‌కో ఎప్పుడో ఖర్చు పెట్టేసింది. వదిలేస్తే ఆ భారం అక్కడి జనం మీదే. పైగా విభజన ఆస్తుల పంపకం ఇంకా పూర్తి కాలేదు. ఒకచోట తగ్గితే అన్నిచోట్లా తగ్గమంటారన్న లెక్కా ఉంటుంది.

దారేంటి?
2024 జులై 6న ఇద్దరు సీఎంలు ప్రజాభవన్‌లో కూర్చున్నారు. రెండు లెక్కలూ ఒకే టేబుల్ మీద పెట్టి, అసలు చెల్లేసుకుని, సర్‌చార్జి దగ్గర బేరమాడుకోవడమే మార్గం. నాన్చితే నష్టం డిస్కంలకు, చివరికి ఖజానాకు. ఇబ్రహీంపూర్ బోర్లకు ఉచిత కరెంటు డబ్బులు రావాల్సిందీ ఆ ఖజానా నుంచే.