ఏ మురికికి ఏ మందు?

యీ మధ్య నాకు వచ్చే ఉత్తరాల్లో వంటల తరవాత పెద్దపీట యిల్లు శుభ్రం చేసుకునే సంగతులదే. బజారులో దొరికే సీసాలన్నీ విషాలనీ, మన అమ్మమ్మలు వాడినవన్నీ అమృతాలనీ కొందరు రాస్తారు. "మూత తిప్పితే పనయిపోతూంటే, ఆ బూడిదా చింతపండూ ముందేసుకుని ఎవరు కూర్చుంటారండీ?" అని మరికొందరు. యిద్దరి మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కాని నన్ను ఆలోచనలో పడేసింది వేరొక ఉత్తరం. వొక సోదరి తమ హాల్లో పరిచిన కడప నల్లరాళ్ళని, సెల్‌ఫోనులో ఎవరో చెప్పగా విని, వెనిగరూ నిమ్మరసమూ కలిపిన నీళ్ళతో వారం రోజులు తుడిచిందట. "అద్దంలా మెరిసే నేల కాస్తా సుద్ద పూసినట్టు పాలిపోయింది. యింట్లో చేసుకున్న మందే గదా, యిలా ఎందుకయింది?" అని అడిగింది.

ఎందుకయిందంటే, ఆ రాయి సున్నపురాయి గనక. మన యిళ్ళల్లో నేలకి పరిచే నాపరాళ్ళలో కడప నల్లరాయి, తాండూరు రాయి, బేతంచెర్ల రాయి, పొరుగున కర్ణాటక నుంచి వచ్చే షాబాదు రాయి అన్నీ ఆ జాతివే. పాలరాయి వాటికి దగ్గర చుట్టం. మొజాయిక్ గచ్చులో సిమెంటు మధ్య మెరిసే పలుకులు కూడా చాలా యిళ్ళల్లో పాలరాతి ముక్కలే. యీ కుటుంబానికంతకీ పులుపు పడదు. నిమ్మరసం కానివ్వండి, వెనిగరు కానివ్వండి, చింతపండు పులుసు కానివ్వండి, రాయి పైపొరని కొద్దికొద్దిగా కరిగించేస్తుంది. నునుపు పోయిన చోట తెల్లగా, గరుకుగా కనిపిస్తుంది. అది మరక కాదు, గాయం. కాబట్టి ఏ మందు పెట్టి తుడిచినా పోదు. ఆ సోదరికి నేను రాసిన జవాబు కూడా అదే. కొబ్బరినూనె గుడ్డతో రుద్దితే నాలుగు రోజులు నల్లగా కనిపిస్తుంది, మళ్ళీ మామూలే. పైగా కాలు జారుతుంది. బాగుపడాలంటే పాలిష్ పట్టించుకోవలసిందే.

ఆ సలహా యిచ్చినవారు అబద్ధం చెప్పారని నేననను. పింగాణీ పలకల మీద వెనిగరు నీళ్ళు చక్కగా పనిచేస్తాయి. గ్రానైటుకీ నాపరాయికి వున్నంత భయం లేదు. మీ నేల ఏదో మీకు తెలియకపోతే తలుపు వెనకాల మూల వొక నిమ్మరసం చుక్క వేసి, అయిదు నిమిషాలాగి తుడిచి చూడండి. వెలిసినట్టు మచ్చ పడిందంటే ఆ నేలకి పులుపు నిషిద్ధం. దానికి మంచినీళ్ళూ, జిడ్డుంటే నాలుగు చుక్కల సబ్బునీళ్ళూ చాలు. మన పెద్దవాళ్ళు మట్టినేలకి పేడతో అలికారు, రాతినేలని వట్టి నీళ్ళతో కడిగారు. చింతపండుతో నేల కడిగిన యిల్లాలిని నేను చూడలేదు, వినలేదు.

విచిత్రమేమిటంటే, నేలకి శత్రువైన ఆ పులుపే పంపులకి మిత్రుడు. బోరునీళ్ళు వాడే యిళ్ళల్లో కుళాయిల చుట్టూ, బకెట్ల అడుగున, నీళ్ళు కాచే గిన్నెల్లో తెల్లగా పెచ్చు కడుతుంది చూశారూ, అది కూడా సున్నపురాయి లాంటిదే. అందుకే ఎంత సబ్బు రుద్దినా కదలదు. పిండేసిన నిమ్మచెక్కతో కుళాయి మూతిని రుద్ది పావుగంట వుంచి కడిగితే వదిలిపోతుంది. గిన్నె అయితే చెంచాడు నిమ్మఉప్పు వేసిన నీళ్ళు మరిగించి పారబోయండి. యిందుకోసం అరలీటరు సీసా కొనడం దండగ.

అసలు కిటుకంతా యిక్కడే వుంది. పులుపుకి లొంగే మురికి వేరు, క్షారానికి లొంగే మురికి వేరు. సున్నపు పెచ్చు, ఇత్తడి మీద నలుపు, రాగి మీద చిలుము, ఇనుము మీద తుప్పు పులుపుకి లొంగుతాయి. నూనెజిడ్డు, నెయ్యిజిడ్డు, అట్ల పెనం అంచున పేరుకున్న జిగురు క్షారానికి లొంగుతాయి. కట్టెపొయ్యి బూడిదలో వున్నది ఆ క్షారమే. జిడ్డుగిన్నెలో తడిబూడిద వేసి రుద్దితే అక్కడికక్కడే కొంచెం సబ్బు తయారవుతుందన్న మాట. చాకళ్ళు చవుటి మన్ను తెచ్చి బానలో బట్టలు ఉడకబెట్టినా ఆ సూత్రమే. యిప్పుడు గ్యాసుపొయ్యిలు వచ్చి బూడిద కరువైంది. మాడిన గిన్నెకి రెండు చెంచాల వంటసోడా వేసి నీళ్ళు కాచి వొక గంట వదిలేయండి, మాడు మెత్తబడి వూడి వస్తుంది. అయితే అల్యూమినియం గిన్నెల్లో యీ పని చెయ్యకండి. సోడాకి అవి నల్లబడతాయి. వాటికి నిమ్మతొక్కలో, చింతతుక్కో వేసి కాచిన నీళ్ళు హితవు.

యీ రెండు జాతులూ తెలిసినవారికి, యీ మధ్య ప్రతివారూ చేస్తున్న వొక వేడుక చూస్తే నవ్వొస్తుంది. వంటసోడా పోసి, దానిమీద వెనిగరు పోస్తారు. బుస్సుమని నురుగ పొంగుతుంది. ఆ పొంగు చూసి మురికి పారిపోతోందని సంతోషిస్తారు! నిజానికి పులుపూ క్షారమూ వొకదాన్నొకటి చంపుకుంటాయి. పొంగు చల్లారాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళ వంటిది. అడ్డుపడినదాన్ని ఆ పొంగు కాస్త కదిలిస్తే కదిలించవచ్చు గాక. జిడ్డుకి సోడా విడిగా, పెచ్చుకి వెనిగరు విడిగా వాడితే రెండూ దక్కుతాయి.

ఇత్తడి సామాను మాటకొస్తే చింతపండుకి సాటి లేదు. చిటికెడు కల్లుప్పు కలిపితే యింకా త్వరగా తెలుపు తేలుతుంది. కాని రాసి వదిలేసి వేరే పనికి పోకూడదు. ఇత్తడిలో రాగీ తుత్తునాగమూ కలిసి వుంటాయి. పులుపు ఎక్కువసేపు వుంటే తుత్తునాగం కరిగిపోయి, చెంబు పచ్చగా కాక ఎర్రగా తేలుతుంది. రుద్దడం, కడగడం, పొడిగుడ్డతో తుడవడం వరసగా జరిగిపోవాలి. తడి ఆరనిస్తే మర్నాటికే మచ్చలు. యీమధ్య మళ్ళీ అందరూ రాగి బిందెలు కొంటున్నారు, మంచిదే. వాటిలో నీళ్ళు తప్ప మజ్జిగో, నిమ్మరసమో పోసి వుంచకండి. గిన్నెని తోమే పులుపే తాగే పులుపులోకి రాగిని దింపుతుంది. వెనకటివాళ్ళు ఇత్తడి గిన్నెల లోపల కళాయి వేయించింది ఆ భయంతోనే. అందుచేత కళాయి గిన్నె లోపలి వైపుకి ఇటుకపొడి గాని, ఇనప పీచు గాని తగలనివ్వకండి. తళతళలాడించాలన్న ఉత్సాహంలో కళాయి వూడ్చేసుకుంటే ఆ గిన్నెలో చారు కాచడం ప్రమాదం.

యిక కుంకుడుకాయ. దీన్ని గురించి రాయమంటే నాకు కాగితాలు చాలవు. కాయ పైతోలులో సపోనిన్లనే పదార్థాలు వుంటాయి, నురుగ వాటిదే. మామూలు సబ్బు బోరునీళ్ళలో విరిగిపోయి తెట్టు కడుతుంది గాని కుంకుడు రసం ఆ నీళ్ళకి జంకదు. అంతకన్న ముఖ్యం, దానిలో సబ్బుకున్న క్షారగుణం లేదు. పట్టు, ఉన్ని జంతువుల నుంచి వచ్చిన నూలు గనక క్షారం వాటి జీవం తీస్తుంది. కుంకుడు తియ్యదు. కంసాలులు నగలకి మెరుగు పెట్టేటప్పుడు కుంకుడు రసం వాడేదీ యిందుకే.

వొక పట్టుచీరకి పది పన్నెండు కాయలు తీసుకుని, చితక్కొట్టి, గింజలు ఏరేసి, గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నాననివ్వండి. ఉదయం బాగా పిసికి పలచని గుడ్డలో వడకట్టండి. ఆ రసాన్ని అరబకెట్టు చన్నీళ్ళలో కలిపి, చీరని ముంచి, పిండకుండా జాడించి, నీడన ఆరవెయ్యండి. ముందుగా చీర లోపలి చెంగు మూల తడిపి తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగుతుందో లేదో చూసుకోవాలి. బరువు జరీ చీరల జోలికి యింట్లో పోవద్దు. తెల్లబట్టలకీ యిది పనికిరాదు, లేత గోధుమరంగు పట్టుకుంటుంది. రసం రెండు మూడు రోజులకి పులిసి వాసన వేస్తుంది కాబట్టి ఏ పూటకాపూట చేసుకోవడమే మేలు. కళ్ళలో పడితే నోట్లో ఉప్పుకల్లు వేసుకోమనేవారు మన యిళ్ళల్లో. ఉప్పు సంగతేమో గాని, చల్లటి మంచినీళ్ళతో కళ్ళు కడుక్కోవడం మాత్రం తప్పనిసరి. చెట్టున కాసినదే గదా అని పెరటి చేపల తొట్టిలోకి ఆ నీళ్ళు పోనివ్వకండి, చేపలు చస్తాయి.

యింత చెప్పి, సబ్బుపొడుల్ని ఆడిపోసుకోను. సన్‌లైటు సబ్బు మన దేశానికి 1888లో వచ్చింది, సర్ఫ్ 1959లో, నిర్మా 1969లో. యిల్లాళ్ళు వాటిని వూరికే అక్కున చేర్చుకోలేదు. బూడిదా, ఇటుకపొడీ, కొబ్బరిపీచూ పెట్టి నలుగురి యింట అంట్లు తోమిన మనిషి అరచేతులు ఎప్పుడైనా చూశారా? పగుళ్ళలోకి చింతపండు దిగితే ఎలా వుంటుందో ఆమెని అడగాలి. "ఆ రోజులే వేరు" అని మురిసేవారిలో ఆ రోజుల్లో అంట్లు తోమినవారు ఎందరో నాకు అనుమానమే. నూలు బట్టలకి సబ్బుపొడి నిక్షేపంగా వాడండి, కాని పొట్లం మీద రాసినంతే. నురుగ ఎక్కువైతే తెలుపు ఎక్కువని కాదు, జాడించే నీళ్ళు ఎక్కువని.

యిక నన్ను నిజంగా భయపెట్టే సంగతి. స్నానాలగది కడగడానికి వొకామె బ్లీచింగు పౌడరు చల్లి, అది చాలలేదని దానిమీదే యాసిడ్ పోసిందనీ, దగ్గుతో వూపిరాడక అరగంట అల్లాడిందనీ వొక ఉత్తరం వచ్చింది. బ్లీచింగు మందుకి ఏ పులుపు తగిలినా క్లోరిన్ వాయువు బయటికొస్తుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర దగ్గర యుద్ధభూమిలో సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే. దొడ్డి కడిగే యాసిడే కానక్కరలేదు, వెనిగరు కలిపినా ప్రమాదమే. అమ్మోనియా వున్న మందులు కలిపితే వేరే విషవాయువు పుడుతుంది. కాబట్టి బ్లీచింగుని నీళ్ళతో తప్ప దేనితోనూ కలపరాదు. వొక మందు వాడిన చోట బాగా నీళ్ళు కొట్టి, మర్నాడు రెండోది వాడుకోండి. పొరపాటున ఘాటు లేచిందా, గది కడగడం పూర్తిచేద్దామని ఆగకుండా తలుపులు బార్లా తీసి బయటి గాలికి వచ్చేయాలి. దగ్గో ఆయాసమో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

రెండోది, యాసిడ్‌ని గాని, ఫినాయిల్‌ని గాని కూల్‌డ్రింకు సీసాలో పోసి వుంచడం. వేసవిలో ఆడుకుని వచ్చిన పిల్లవాడికి సీసా ఆకారమే కనిపిస్తుంది. మింగితే వాంతి చేయించకూడదు, విరుగుడని మజ్జిగో నిమ్మరసమో పట్టకూడదు. నోరు కడిగించి, ఆ సీసాతో సహా ఆస్పత్రికి పరుగెత్తాలి.

యీ మందుల్ని కలిపేదీ, వాటి ఘాటు పీల్చేదీ చాలా యిళ్ళల్లో పనిచేసే మనిషే. సీసా మీది అక్షరాలు ఆమెకి రాకపోవచ్చు. అందుచేత మా యింట్లో బ్లీచింగు డబ్బాకి ఎర్రదారం, యాసిడ్ సీసాకి నల్లదారం కట్టి, రెండింటినీ వేరువేరు గదుల్లో ఎత్తున పెట్టాము. ఎర్రదారమూ నల్లదారమూ వొకే పూట కిందికి దిగరాదని ఆమెకి చెప్పాము. చేతులకి రబ్బరు తొడుగులు కూడా కొనివ్వండి. పనికి అడ్డమొస్తున్నాయని మొదట్లో ఆమే తీసి పక్కన పెడుతుంది. వొక సైజు పెద్దవి తెచ్చి చూడండి, వేసుకుంటుంది.