సెప్టిక్ ట్యాంకులోకి మనిషి దిగరాదు

స్వచ్ఛ భారత్ పథకం 2014లో మొదలైన తరువాత మన పల్లెల్లో మరుగుదొడ్డి లేని ఇళ్ళు బాగా తగ్గాయి. ఆడవారు చీకటి పడేదాకా కాచుకొని చెరువుగట్టుకు పోవలసిన దుస్థితి చాలా ఊళ్ళలో తప్పింది. ఇది హర్షించదగ్గ విషయం. కాని మరుగుదొడ్డి కట్టించేనాడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఇప్పుడు ఇంటింటా ఎదురవుతున్నది. ట్యాంకు నిండితే ఎవరు తోడాలి? ఎలా తోడాలి?

పట్నంలో అయితే ట్యాంకరు బండి వస్తుంది. గొట్టం వేసి లాగేస్తుంది. పల్లెకు ఆ బండి రావాలంటే దూరాభారం, కిరాయి ఎక్కువ, సందులో తిరగదు. అందుచేత ఇంటివారు చవకగా పోతుందని ఎవరో ఒక కూలీని పిలుస్తారు. అతడు బకెట్టూ తాడూ తీసుకొని లోపలికి దిగుతాడు. అలా దిగేవారు ఏ వాడనుంచి వస్తారో ప్రతి ఊరివారికీ తెలుసు. ఆ మాట పైకి అనకపోయినంత మాత్రాన నిజం మారదు. 2019 నుంచి 2023 వరకు ఐదేళ్ళలో మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి దేశం మొత్తంమీద 377 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది.

ఈ చావులు దాదాపు అన్నీ ఒకే తీరున జరుగుతాయి. మొదటివాడు దిగీ దిగగానే కూలిపోతాడు. అతన్ని లాగడానికి అన్నో, తమ్ముడో, ఇంటి యజమానో దిగుతాడు. అతడూ లేవడు. ఇందుకు కారణం లోపల పేరుకున్న విషవాయువు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే ఈ వాయువు గాలికంటే బరువైనది కనుక అడుగునే ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కుకు వాసన పట్టే శక్తినే చంపివేస్తుంది. వాసన పోయింది కదా, ఇక భయం లేదనుకున్నవాడు నాలుగు ఊపిర్లలో స్పృహ తప్పుతాడు. మూత తీసి పూటంతా ఉంచినా నమ్మకం లేదు. బురదను కదిలించగానే అందులో ఇమిడి ఉన్న వాయువు ఒక్కసారిగా పైకి వస్తుంది. ముఖానికి తడిగుడ్డ కట్టుకుంటే ఈ వాయువు ఆగదు.

పాత బావిలో దిగేముందు దీపం దించి చూడడం మన పెద్దల అలవాటు. దీపం ఆరితే ప్రాణవాయువు లేదని అర్థం. సెప్టిక్ ట్యాంకు దగ్గర మాత్రం ఆ పని చేయరాదు. ఇందులో మీథేన్ ఉంటుంది. నిప్పు తగిలితే పేలుతుంది. పైగా దీపం వెలుగుతున్నంత మాత్రాన విషవాయువు లేదని చెప్పలేము.

మరి యంత్రం వచ్చిన చోట కూడా మనుషులు ఎందుకు దిగుతున్నారు? అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. పది పదిహేనేళ్ళు ట్యాంకు ముట్టుకోకుండా వదిలేస్తే అడుగున మడ్డి గట్టిపడుతుంది. యంత్రం పైనీటిని లాగుతుంది గాని గట్టి మడ్డిని లాగలేదు. 'డబ్బు ఇచ్చాము, అడుగు కనిపించేలా శుభ్రం చేయండి' అని ఇంటివారు పట్టుబడతారు. ఆ ఆఖరి జానెడు మడ్డి కోసం మనిషి దిగుతాడు. నిజానికి ట్యాంకును అడుగంటా గీకి కడగవలసిన పని లేనే లేదు. మలాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మళ్ళీ పెరగడానికి కొంత మడ్డి మిగలడమే మేలు. మనం కోరే ఆ శుభ్రత వల్ల ఇంటికి లాభం లేదు, మనిషికి మాత్రం ప్రాణాపాయం.

గట్టిపడిన మడ్డికి ఉపాయం ఉన్నది. ఒత్తిడితో నీటిని చిమ్మే జెట్టింగ్ యంత్రంతో పైనుంచే దాన్ని కరిగించి, తిరిగి లాగించవచ్చు. మురుగు గొట్టాలు పూడుకుపోయినా ఇదే యంత్రం పనికి వస్తుంది. గొట్టం కొసన ఉండే నాజిల్ నీటిని వెనక్కు చిమ్ముతూ తనంత తాను ముందుకు పాకుతూ పూడికను వదిలిస్తుంది. ఇరుకు సందుల్లోకి పోగల ఇలాంటి చిన్న బండ్లను హైదరాబాద్ జలమండలి 2017లో 70 ప్రవేశపెట్టింది. మ్యాన్‌హోల్‌లోకి మనిషికి బదులు దిగే బ్యాండికూట్ అనే యంత్రాన్ని కేరళ యువకులు 2018లో తయారుచేశారు. చక్రాలమీద గొట్టంలోకి పోయి ఎక్కడ పగిలిందో, ఎక్కడ వేళ్ళు దూరాయో చూపే కెమెరాలు కూడా ఉన్నాయి. పల్లెకు ఇవన్నీ అవసరం లేదు. జెట్టింగ్ సౌకర్యం ఉన్న చిన్న ట్యాంకరు ఒకటి, ట్రాక్టరుతో లాగేదైనా సరే, అందుబాటులో ఉంటే చాలు.

చట్టం విషయంలో సందేహానికి తావు లేదు. 2013 నాటి చట్టం ప్రకారం సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి మనిషిని ప్రమాదకరంగా దింపడం నేరం. ఈ నిషేధం మునిసిపాలిటీలకే కాదు, కూలీని పిలిచిన ఇంటి యజమానికి కూడా వర్తిస్తుంది. మొదటి తప్పుకే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఎంత పెంచినా పోయిన మనిషి తిరిగి రాడు.

చట్టం చేసినంత మాత్రాన పల్లెకు బండి రాదు. నాలుగైదు పంచాయతీలు కలిసి ఒక ట్యాంకరును ఏర్పాటు చేసుకోవడం అసాధ్యమేమీ కాదు. జిల్లా అధికారులు పూనుకొని మండలానికి ఒక బండినైనా సమకూర్చి, కిరాయి నిర్ణయించి, పంచాయతీ కార్యాలయం గోడమీద ఫోను నంబరు రాయించాలి. లాగిన మలినాన్ని రాత్రివేళ పంటకాలువలో, చెరువులో వదిలే బండ్లమీద కఠిన చర్య తీసుకోవాలి. వరంగల్, నరసాపురం వంటి పట్టణాల్లో మల వ్యర్థాల శుద్ధి కేంద్రాలు ఇదివరకే వెలిశాయి. మన పల్లెల మలినానికీ అటువంటి చోటు చూపవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

ఇంటివారు చేయదగినవీ ఉన్నాయి. రెండు మూడేళ్ళకోసారి ట్యాంకును యంత్రంతో లాగిస్తే మడ్డి గట్టిపడదు. మూతమీద గచ్చు పోసి బండలు పరిచేయక, గొట్టం అందేలా వదలాలి. కొత్తగా కట్టుకునేవారు నేల అనుకూలిస్తే రెండు గుంతల మరుగుదొడ్డి కట్టుకోవడం మంచిది. ఒక గుంత నిండితే రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని రెండేళ్ళు మూసి ఉంచితే అందులోది పొలానికి ఎరువవుతుంది. ఎక్కడైనా ఎవరైనా ట్యాంకులో పడిపోతే వెనుక మరొకరు దూకవద్దు. వెంటనే అగ్నిమాపక దళానికి 101కు, అంబులెన్సుకు 108కు ఫోను చేయాలి.

ఇంటి పరువు కోసం మరుగుదొడ్డి కట్టుకున్నాము. అది ఇంకొకరి ఇంటి దీపాన్ని ఆర్పరాదు. ఈసారి ట్యాంకు నిండినప్పుడు బండి వచ్చేదాకా నాలుగు రోజులు ఆగుదాం. మనిషిని మాత్రం దించవద్దు.