ఇంటి కావలి ఖర్చు

పల్లికాయ అమ్ముడుపోయి నాలుగు రూకలు చేతికి వచ్చు పుష్యమాఘ మాసములలో, అచ్చంపేట మార్కెటు యార్డునుండి మరలుచున్న రైతుల మాటలలో ఇంటి భద్రతను గూర్చిన ప్రస్తావన వచ్చుచుండును. కెమెరా యొకటి కొని మనమే గోడకు బిగించుకొన్నచో చాలుననియు, రెండువేల రూపాయలతో పని తీరిపోవుననియు అంగళ్లలో చెప్పుచుందురు. బిగించుకొనుట నిజముగా కష్టమైన పని కాదు. పదవ తరగతి చదివిన పిల్లవాడు ఫోనులో చూచుకొనుచు ఒక పూటలో చేయగలడు. అయినను కొట్టులో చెప్పు వెల యొకటి, సంవత్సరము తిరుగునప్పటికి రైతు భరించు వెల మఱియొకటి. ఈ రెండవ దానిని లెక్కకట్టి చూపుటకే ఈ నెల ఈ విషయమును చేపట్టితిమి.

పూర్వము నిజాము రాజ్యమున ఊరి కావలికి వేరుగా మనుష్యులుండెడివారు. కావలికారు, మస్కూరి, సేత్‌సింధి అను పేళ్లు మన పెద్దలెఱిగినవే. రాత్రివేళ ఊరు తిరుగుట, క్రొత్తవాడు దిగినచో పటేలునకు తెలుపుట వారి పని. కళ్లములో గింజలు కొలుచునప్పుడు వారి మేర వారికి కొలిచెడివారు. ఆ కావలి మిక్కిలి చౌకగా నుండెనని నేటికిని మెచ్చుకొనువారు కలరు. చౌక యగుటకు కారణము వెట్టి. ఆ ఖర్చును ఊరు భరింపలేదు; ఆ మనుష్యుని ఇల్లాలును బిడ్డలును భరించిరి. అట్టి చౌకను మరల కోరదగదు. వారి తరువాత వచ్చిన గ్రామ రెవిన్యూ సహాయకుల వ్యవస్థయు 2023లో రద్దుపడి, అందలివారు ఇతర శాఖలలో చేర్పబడిరి. కావున ఎవరి ఇంటికి వారే కావలి చూచుకొనవలసిన కాలము వచ్చినది.

ఇంటికి తామే కావలియంత్రము కూర్చుకొనుట అను ఆలోచన క్రొత్తది కాదు. అమెరికాలో న్యూయార్కు నగరమున మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు ఉండెను. ఆమెకును ఆమె భర్త ఆల్బర్టునకును పని వేళలు వేఱగుటచే రాత్రులు ఆమె ఒంటరిగా నుండవలసి వచ్చెడిది. పిలిచినను పోలీసులు వేగముగా వచ్చెడివారు కారు. ఎలక్ట్రానిక్సు పని తెలిసిన భర్తతో కలిసి ఆమె యొక యంత్రమును కల్పించి 1966లో పేటెంటునకు దరఖాస్తు చేసెను; 1969 డిసెంబరులో అది మంజూరయ్యెను. తలుపునకు పై నుండి క్రిందికి నాలుగు రంధ్రములు, వాని వెనుక జరుగు కెమెరా, పడకగదిలో బొమ్మ చూపు పెట్టె, వచ్చినవానితో లోపలినుండియే మాటలాడు ఏర్పాటు, ఆపద యైనచో కావలివారిని పిలుచుటకొక మీట. పాఠకులు ఈ చివరి వస్తువును గమనింప వలయును. చూచుటతో సరిపోదనియు, చూచిన వెంటనే ఒకరు రావలయుననియు ఆమెకు తెలియును. నేడు మన అంగళ్లలో అమ్ముచున్నది చూచు భాగము మాత్రమే. వచ్చు మనుష్యుని ఎవరును అమ్మరు.

ఇక లెక్కకు వత్తము. నేటి ధరలను బట్టి ఇంటికి తగిన చిన్న కెమెరా సుమారు 1500 మొదలు 3000 రూపాయల వఱకు దొరకును. బొమ్మలు దాచు కార్డునకు మఱియొక 500 పెట్టవలయును. తీగ, ప్లగ్గు, వాననుండి కాపాడు చిన్న కప్పు కలిసి మూడు నాలుగు వందలు. ఇంతవఱకు కొట్టువాడు చెప్పినదానికి మిక్కిలి దూరము లేదు. కాని కెమెరా ఫోనుతో మాటలాడుటకు ఇంటర్నెట్టు కావలయును. ఇంట ఆ కనెక్షను లేనివారు సిమ్ము వేయు కెమెరా కొందురు. దాని వెల ఎక్కువ, పైగా నెలకు సుమారు 200 రూపాయల రీచార్జి. సంవత్సరమునకు 2400. అనగా రీచార్జి ఖర్చు ఒక్క సంవత్సరముననే చిన్న కెమెరా వెలతో సమాన మగుచున్నది. రెండవ సంవత్సరమును, మూడవ సంవత్సరమును అట్లే. రీచార్జి మాని వేసిన నాడు ఆ కెమెరా ఫోనుకు కబురు పంపజాలదు.

కరెంటును గూర్చి భయపడ నక్కఱలేదు. 5 వాట్ల కెమెరా రాత్రింబవళ్లు వెలిగినను నెలకు 3.6 యూనిట్లు మాత్రమే కాలును. 2024 నుండి గృహజ్యోతి క్రింద అర్హులైన ఇండ్లకు నెలకు 200 యూనిట్ల వఱకు బిల్లు లేదు. చిక్కు బిల్లులో లేదు, కరెంటు పోవు గంటలలో నున్నది. గాలివానకు కరెంటు పోయిన రాత్రి కెమెరా కన్ను మూయును. దొంగకు కావలసినదియు అదే రాత్రి. దానికొక చిన్న బ్యాటరీ అమర్చుటకు మఱియొక వేయి రూపాయలు. కోతుల మాట వేరుగా చెప్పనేల? నల్లమల యంచున ఉన్న మన ఊళ్లలో బయట వ్రేలాడు ఏ తీగయు ఏడాది నిలువదు. తీగను గొట్టములో పెట్టి గోడకు బిగింపవలయునని ఏ కంపెనీ కాగితమునందును వ్రాయబడక పోయినను, మేము వ్రాయుచున్నాము.

కార్డు విషయమొకటి పెక్కురు గమనింపరు. ఎడతెగక తీయు కెమెరా సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున దాచినను దినమునకు సుమారు 10.8 జీబీ పట్టును. 64 జీబీ కార్డు ఆఱు దినములలో నిండి, పాత బొమ్మలమీదనే క్రొత్తవి వ్రాసికొనును. పెండ్లికి పోయి పది దినములకు తిరిగి వచ్చిన కుటుంబమువారు, తాళము విఱిగియుండుట చూచి కార్డు తీసినచో, ఆ రాత్రి బొమ్మ ఉండకపోవచ్చును. కదలిక యున్నప్పుడు మాత్రమే తీయునట్లు అమర్చినచో కొన్ని వారములు నిలుచును. ఇంతకును దొంగ కెమెరానే పెఱికికొని పోయినచో కార్డును దానితోనే పోవును. కెమెరాను చేతికందని ఎత్తున పెట్టుట ఖర్చులేని పని. దానిని చేయువారు తక్కువ.

మన పాలమూరు సీమకు ప్రత్యేకమైన చిక్కు వలస. పంట కోసిన పిమ్మట కుటుంబములకు కుటుంబములే హైదరాబాదునకును, బొంబాయి పూనాలకును పనికి పోవుట ఎన్నో తరములుగా జరుగుచున్నది. ఇల్లు నెలల తరబడి తాళముతో నుండును. అట్టి రైతు కెమెరా పెట్టి పోయెననుకొందము. నడిరేయి పూనాలో అతని ఫోను మ్రోగును. వాకిట ఎవడో నిలిచి యున్నట్లు బొమ్మ కనబడును. అతడేమి చేయగలడు? 112కు ఫోను చేయవలయును, చేయవలసినదే. ఠాణా నుండి తండాకు జీపు వచ్చులోపల వాకిలి ముందు నిలువగలవాడు ప్రక్కయింటివాడు ఒక్కడే. ఆ ప్రక్కయింటివాని నంబరు ఫోనులో లేకున్నచో, లేక గట్టు తగాదాచేత అతనితో మాటలు లేకున్నచో, కెమెరా కొన్న డబ్బు తన దొంగతనమును తానే కనులార చూచుటకు పెట్టిన డబ్బు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళము వేసిన ఇండ్ల కాపుదలకు ఎల్.హెచ్.ఎం.ఎస్. అను ఏర్పాటు చేసి, ఊరికి పోవువారు ముందుగా తెలిపినచో తామే ఇంట కెమెరా పెట్టి చూచుట మొదలిడిరి. అందలి సారము కెమెరా కాదు. కదలిక కనబడినచో వచ్చుటకు ఠాణాలో మనుష్యుడుండుటయే.

మఱియొక ఖర్చు రూపాయలలో కొలువరానిది. పిల్లి దాటినను, కొమ్మ యూగినను, వానచినుకు పడినను ఫోను మ్రోగుచుండును. మొదటి వారము ఇంటిల్లిపాది లేచి చూతురు. నెల తిరుగునప్పటికి ఆ మ్రోతను నిలిపివేయుదురు. నిలిపివేసిన గంటకును లేని గంటకును భేదమేమి? కెమెరా చూపు వాకిలిమీద మాత్రమే పడునట్లు త్రిప్పి, కదలిక చూచు హద్దును కుదించుట మొదటి దినముననే చేయవలయును. అట్లు త్రిప్పునప్పుడు ప్రక్కవారి పెరటిలోనికి, స్నానపు దడివైపునకు చూపు పోకుండ జాగ్రత్త వహింపవలయును. ఇది మర్యాదకు సంబంధించిన మాట మాత్రమే కాదు. స్త్రీల ఏకాంతమును చాటుగా బొమ్మ తీయుట భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను క్రింద నేరము. కెమెరాతో వచ్చిన సంకేతపదమును మార్చుటయు అంత ముఖ్యము. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము, సంకేతపదము మార్చని ఇంటి కెమెరాలను లక్షల కొలది లోబరచుకొని, అక్టోబరు 21వ తేదీన అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసెను. ఆ కెమెరాల యజమానులలో పెక్కురకు ఆ సంగతియే తెలియదు. ఖర్చు సున్న, పని అయిదు నిమిషములు.

మమ్మడిగినచో కెమెరాకు ముందు తలుపు చూడుమందుము. మన పాత ఇండ్ల టేకు తలుపులు గట్టివే. వానికి బిగించిన గొళ్లెము మాత్రము రెండు చిన్న మరలమీద నిలిచి యుండును. వేయి రూపాయల తాళము వేసినను, గొళ్లెమును చిన్న గడ్డపాఱతో ఊడదీయవచ్చును. తలుపునకు ఈవలినుండి ఆవలికి బోల్టులు దూర్చి లోపల నట్టులు బిగించినచో మూడు వందల రూపాయలలో పని యగును. కదలిక కనిపెట్టి వెలుగు బల్బు మూడు నాలుగు వందలు. తలుపు తెఱచినచో మ్రోగు చిన్న అయస్కాంతపు గంటయు అంతే. బంగారమును బ్యాంకు లాకరులో పెట్టువారు తెలిసికొనవలసిన మాట యొకటి కలదు: రిజర్వు బ్యాంకు నియమముల ప్రకారము 2022 జనవరి 1 నుండి, బ్యాంకులో దొంగతనము గాని అగ్నిప్రమాదము గాని జరిగి లాకరులోని సొత్తు పోయినచో, బ్యాంకు ఏటి అద్దెకు నూఱు రెట్ల వఱకు ఇయ్యవలసి యుండును. పల్లికాయ డబ్బును గోతాములలోను ధాన్యపు గుమ్మిలోను దాచుట కంటె ఖర్చయిన కావలి మఱియొకటి లేదు.

ఇక చౌక యని తోచు మఱియొక కావలిని గూర్చి వ్రాయక తప్పదు. చేను కాపాడుటకో, పశువుల కొట్టము కాపాడుటకో ఇనుప తీగ చుట్టి, దానికి నేరుగా కరెంటు కలుపువారు కలరు. అడవిపందుల బాధ మేమెఱుగనిది కాదు. ఒక్క రాత్రిలో అర ఎకరము పల్లి చేను దున్నినట్లు చేసి పోవును. అయినను ఆ తీగ పందిని, దొంగను, తెల్లవాఱుజామున నీళ్లు పెట్టవచ్చిన సొంత కొడుకును వేఱు వేఱుగా గుర్తింపదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో, జంతువుల కొఱకు పెట్టిన ఇట్టి తీగ తగిలి గ్రేహౌండ్సు దళపు జవానొకడు మరణించెను. వ్యవసాయపు కరెంటును కంచెకు మరలించుట 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము 135వ సెక్షను క్రింద మూడేండ్ల వఱకు శిక్షింపదగిన నేరము. జంతువు చచ్చినచో 1972 నాటి వన్యప్రాణి చట్టము, మనుష్యుడు చచ్చినచో నరహత్య కేసు. రెండు వందల రూపాయల తీగకు ఇది వెల. సోలారు కంచె యంత్రము వేఱు: అది సెకనుకు ఒక్కసారి, అతి స్వల్పకాలము మాత్రమే తాకును, తాకినవాడు చేయి వెనుకకు తీసికొనుటకు వ్యవధి యుండును. ఇంటి కరెంటు ఎడతెగక ప్రవహించి, పట్టిన చేతిని వదలనీయదు. ఈ భేదము తెలియనివాడెవడైన మీ ఊర నున్నచో ఈ పుటను వానికి చదివి వినిపింపుడు.

మా అభిప్రాయము సంగ్రహముగా చెప్పవలెనన్న, ఒక తండాలోని పది యిండ్లవారు ఎవరి కెమెరా వారు పెట్టుకొనుట కంటె అందఱును కలిసి పెట్టుకొనుట మేలు. విడివిడిగా నైనచో కెమెరా, కార్డు, ఏటి రీచార్జి కలిసి ఇంటికి సుమారు 6000. పది యిండ్లకు 60,000. కలిసి నాలుగు కెమెరాలు, ఒక టెరాబైటు డిస్కుతో రికార్డరు కొన్నచో సుమారు 20,000, బ్యాటరీ 5000, గట్టి సైరను 1000, నెలకు 500 చొప్పున ఇంటర్నెట్టు 6000. మొత్తము 32,000, ఇంటికి 3200. పైగా ఆ డిస్కులో నాలుగు కెమెరాల బొమ్మలు ఇంచుమించు ఇరువది మూడు దినములు నిలుచును. అన్నిటికంటె ముఖ్యముగా, పూనాలో నున్నవాని ఫోనుతో పాటు తండాలోనే సైరను మ్రోగును. మేలుకొనువారు పది యిండ్లవారు. చందాలతో కెమెరాలు పెట్టుట మన రాష్ట్రమునకు క్రొత్త కాదు; పోలీసువారు "నేను సైతం" అను పేర ప్రజలను ఇందులకే ప్రోత్సహించిరి.

దీనికి ఆక్షేపణ యొకటి గలదు, అది సరియైనదే. ఊరి నడుమ చందాలతో పెట్టిన కెమెరాలు ఏడాది తిరుగకుండగనే గ్రుడ్డివగుట మనము చూచియున్నాము. అందఱిదైన వస్తువు ఎవరిదియు కాకపోవుటయే కారణము. కావున కొనుటకు ముందే మూడు సంగతులు తేల్చుకొనవలయును: నెలనెలకు ఇంటికి ఎంత వసూలు చేయుట, ఆ లెక్క ఎవరు వ్రాయుట, యంత్రమును వారమున కొకసారి ఎవరు చూచుట. బొమ్మలు చూచు అధికారము ఒక్కని చేతిలో నుంచరాదు. ఇద్దఱు కలిసి చూచునట్లుండవలయును. సైరను మ్రోగినచో ఎవరు ముందు లేచుట అను విషయము సంవత్సరము పొడుగున వంతులు వేసి వ్రాసికొనవలయును. మా లెక్కలో ఈ వంతుల కాగితమే అన్నిటికంటె విలువైన సామగ్రి, దానికి అంగడి లేదు.

బావుల వద్ద మోటారు తీగలు, స్టార్టర్లు, ట్రాన్స్‌ఫార్మరులోని రాగి పోవుటకును ఈ వంతులే మందు. ట్రాన్స్‌ఫార్మరు పోయినచో దానిమీద ఆధారపడిన రైతులందఱి చేలును ఒక్కసారే ఎండును. ఎవరి బావికి వారు గంట కట్టుకొన్నంత మాత్రమున అది ఆగదు.

సంఘము కెమెరాల అంగడి పెట్టవలెనని మేము కోరుట లేదు. విత్తనములు, ఎరువులు కలిసి కొనునట్లే, కోరిన తండాలవారి కొఱకు ఒక్కమారు టోకుగా కొని, ప్రతి ఊర ఒక యువకునకు రెండు దినములు బిగించు పని నేర్పించుట వఱకు చాలును. రాబోవు మహాజనసభలో ఈ ప్రతిపాదన పెట్టుటకు మేము సిద్ధముగా నున్నాము. సభకు వచ్చు సభ్యులు తమ తండాలో ఇండ్లెన్ని, వలస నెలలలో తాళము పడు ఇండ్లెన్ని, ఇంటర్నెట్టు కనెక్షను ఎవరికి గలదు, రాత్రి సైరను విని లేచి రాగల మగవారును స్త్రీలును ఎందఱు అను వివరములు కాగితముపై వ్రాసి తెచ్చినచో, ధరలు అడుగుటకు మాకు వీలగును.