దళారి మాటకు దలీలు ఏది?

మిరప కల్లాలు ఎత్తి, టిక్కీలు యార్డుకు చేరి, పత్తి డబ్బు చేతికి వచ్చే రోజుల్లో మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మరో సీజను మొదలవుతుంది. అది స్థలాల సీజను. చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా జాతీయ రహదారి పొడుగునా రంగు జెండాలు, సున్నపు గీతలు, సరిహద్దు రాళ్లు కనిపిస్తాయి. టీ అంగడి బల్ల మీద, మసీదు బయట చెప్పులు తొడుక్కునే చోట, వలీమా దస్తర్‌ఖాన్ దగ్గర ఒక మాట మెల్లగా వినిపిస్తుంది: “మంచి బిట్టు ఉంది, మన వాళ్లకే ఇద్దామని చూస్తున్నా.”

ఆ మాట అనేవాడు ఎక్కడి నుంచో వచ్చిన మనిషి కాడు. మొన్నటిదాకా భీమా పాలసీలు కట్టించినవాడు, పిల్లలకు ట్యూషన్ చెప్పినవాడు, ఊళ్లో సూది మందు వేసేవాడు. కొందరి జేబులో ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం కూడా ఉంటోంది. ఈ వారం మాట ఆ కాగితం గురించే. అది దేనికి హామీ, దేనికి కాదు?

ముందు ఒక చిన్న మాట. దళారి అనే పదం ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. దాని మూలం అరబీలో దారి చూపడం. రుజువు అనే అర్థంలో మనం ఉర్దూలో వాడే దలీల్ కూడా ఆ ఇంటిదే. దారి చూపేవాడు, రుజువు చూపేవాడు ఒకే ధాతువులో పుట్టిన అన్నదమ్ములన్న మాట. మన ఊళ్లలో వాళ్లిద్దరూ ఎప్పుడో వేరు కాపురాలు పెట్టుకున్నారు.

మిరప అమ్మే రైతుకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు కావాలంటే 1966 నాటి మార్కెట్ల చట్టం కింద మార్కెట్ కమిటీ లైసెన్సు ఉండాలి. తప్పు చేస్తే ఆ లైసెన్సును ఆపడానికి, రద్దు చేయడానికి కమిటీకి అధికారం ఉంది. కాటా అందరి ఎదుట పడుతుంది. సరుకు అమ్ముడయ్యాక రైతు తక్‌పట్టీ అడిగి తీసుకుంటాడు. యార్డులో మోసమే లేదని నేననను. తాలు పేరుతో ధర తగ్గించడం, అప్పు ఇచ్చి సరుకును కట్టేసుకోవడం అందరికీ తెలిసిన బాధలే. కాని అడగడానికి ఒక కాగితం, వెళ్లడానికి ఒక ఆఫీసు ఉన్నాయి. ఒక టిక్కీ మిరపకాయలకు చీటీ అడిగే రైతే, జీవితకాలపు పొదుపును స్థలం మీద పెట్టేటప్పుడు చీటీ అడగడు. అడిగితే దళారి నొచ్చుకుంటాడని మొహమాటం.

చట్టం లేక కాదు. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లో వచ్చింది. మనమంతా రెరా అంటున్నది దాన్నే. 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. బ్రోకరన్నా, మధ్యవర్తన్నా, డీలరన్నా, ఏ పేరు పెట్టుకున్నా కమీషన్ తీసుకుని అమ్మకం కుదిర్చేవాడు ఏజెంటేనని అందులో స్పష్టంగా రాశారు. 9వ సెక్షన్ ప్రకారం అతను అథారిటీ దగ్గర నమోదు కావాలి. తాను కుదిర్చే ప్రతి అమ్మకంలోనూ తన నెంబరు చూపాలి. 10వ సెక్షన్ అతని నడవడికి సంబంధించినది. నమోదు కాని వెంచరులో ప్లాటు అమ్మించకూడదు. లెక్క పుస్తకాలు ఉంచాలి. లేని అనుమతి ఉన్నట్టు, రాని సౌకర్యం వస్తున్నట్టు చెప్పకూడదు. కొనేవాడికి హక్కుగా రావలసిన కాగితాలు, వివరాలు బుకింగు రోజునే అందేలా చూడాలి. తప్పితే రోజుకు 10 వేల రూపాయల చొప్పున, ప్లాటు ధరలో 5 శాతం దాకా జరిమానా. మోసం రుజువైతే, అతని వాదన విన్న తరువాత, రిజిస్ట్రేషనే రద్దు చేయవచ్చు.

వినడానికి బాగుంది. లెక్క వేసి చూడండి. 10 లక్షల ప్లాటు మీద జరిమానా ఎంత పెరిగినా 50 వేలు దాటదు. గొలుసు పద్ధతిలో ఏజెంట్లను చేర్చుకునే కొన్ని వెంచర్లలో ఒక్క ప్లాటు మీద చేతులు మారే కమీషనే అంతకన్నా ఎక్కువ. జరిమానా కట్టి కూడా లాభంలో ఉండే వ్యాపారానికి భయం ఎక్కడిది?

ఇంకో ఖాళీ ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఏజెంటు నమోదు కావాలన్న నియమం ప్రణాళికా ప్రాంతంలో వెంచరు వేసిన యజమాని అమ్మే ప్లాట్లకు, ఇళ్లకు మాత్రమే వర్తిస్తుంది. ఒకసారి కొన్న ప్లాటును మీరు మరొకరికి అమ్మితే, నాన్నగారి ఎకరం చేను అమ్మితే, పాత ఇల్లు అమ్మితే, ఆ బేరం కుదిర్చేవాడికి లైసెన్సు అక్కరలేదు. 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 600 గజాలకు మించని చిన్న లేఔటుకు నమోదు నుంచి మినహాయింపు ఉంది. మన పల్లెల్లో జరిగే బేరాల్లో ఎక్కువ భాగం ఈ ఖాళీలోనే జరుగుతున్నాయి. అక్కడ దళారిని అదుపు చేసేది అతని మనస్సాక్షి ఒక్కటే.

ఇక్కడ నా సంగతి నేను చెప్పుకోవాలి. చెప్పకుండా ఇతరులకు హితవు రాస్తే నాకే సిగ్గు. 2018లో నా పాత విద్యార్థి ఒకడు గల్ఫ్ నుంచి తండ్రికి డబ్బు పంపాడు. స్థలం కొందామని ఆ తండ్రి నా దగ్గరకు వచ్చి, “ఫలానా ఆయన చూపిస్తున్నాడు, మనిషి ఎట్లాంటివాడు మౌల్వీ సాబ్?” అని అడిగాడు. ఆ ఫలానా ఆయన నాకు తెలిసినవాడే. రిజిస్టరైన ఏజెంటు. కార్డు నేనే చూశాను. మంచివాడే అన్నాను. ఏజెంటుకు నెంబరు ఉంది గాని ఆ వెంచరుకు నెంబరు లేదు. ఆ తేడా ఒకటి ఉంటుందని కూడా నాకప్పుడు తెలియదు. మూడు విడతలుగా 6 లక్షలు కట్టారు. తెల్ల కాగితం మీద రసీదులు, నోటరీ చేసిన ఒప్పందం, ఆ తరువాత రిజిస్ట్రేషన్. ఇల్లు కట్టుకుందామని ప్లాను కోసం వెళితే లేఔటుకు అనుమతి లేదు పొమ్మన్నారు. బేరం కుదిరిన రోజు ఏజెంటు నా ఇంటికి ఒక కవరు తెచ్చాడు. తీసుకోలేదు. మిఠాయి డబ్బా మాత్రం తీసుకున్నాను. కవరు తీసుకోలేదన్న తృప్తి నాకు ప్లాను తిరిగి వచ్చేదాకానే మిగిలింది.

అనుమతి లేని లేఔట్లను క్రమబద్ధం చేయడానికి మన రాష్ట్రంలో 2020లో ఒకసారి, 2025లో మరోసారి అవకాశం ఇచ్చారు. ఆ రుసుము కట్టవలసింది ఎవరు? ప్లాటు ఎవరి పేరున ఉంటే వారు. అమ్మించి కమీషన్ తీసుకున్నవాడికి ఆ రుసుములో పైసా వాటా లేదు.

ఏజెంట్లు చేసే తప్పుల్లో జనం తప్పుగానే ఎంచనిది ఒకటుంది. అమ్మేవాడికి 20 లక్షలని చెప్పి, కొనేవాడి దగ్గర 24 లక్షలు తీసుకుని, నడుమ 4 లక్షలు మిగుల్చుకోవడం. పైగా రెండు వైపులా కమీషన్. దీన్ని తెలివి అంటున్నాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం మాత్రం అలా అనదు. ఏజెంటు తనను నియమించిన యజమానికి తెలియకుండా ఆ వ్యవహారంలో సొంత లాభం చూసుకుంటే, ఆ లాభాన్ని యజమాని రాబట్టుకోవచ్చు. లెక్క అడిగితే చెప్పి తీరాలి. ఈ చట్టానికి లైసెన్సుతో పని లేదు, ఎకరం చేనుకూ వర్తిస్తుంది. అయితే అతన్ని ఏజెంటుగా పెట్టుకున్నట్టు ఒక ముక్క కాగితం మీద ఉండాలి. ఎంత కమీషన్, ఎవరి తరఫున అన్న రెండు సంగతులు రాసుకుంటే చాలు.

మన పెద్దల దృష్టిలోనూ దళారీ నీచమైన వృత్తి కాదు. హసన్ బస్రీ, ఇబ్న్ సీరీన్ వంటివారు దళారి కూలిని తప్పు పట్టలేదు. ఇంత ధరకు అమ్ము, అంతకన్నా ఎక్కువ వస్తే నువ్వే ఉంచుకో అని యజమాని ముందే చెబితే, ఆ పై సొమ్ము కూడా దోషం కాదని హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (రజి) అభిప్రాయం. అదే 4 లక్షలు చెప్పి తీసుకుంటే కూలి, దాచి తీసుకుంటే ఖియానత్. కొనే ఉద్దేశం లేనివాణ్ణి పక్కన నిలబెట్టి ధర పెంచించడాన్ని దైవప్రవక్త (స) స్పష్టంగా నిషేధించారు. వెంచరు చూడడానికి కార్లో తీసుకువెళ్లిన రోజు, మీ పక్క సీట్లో కూర్చుని, “నేను రెండు బుక్ చేశానండీ” అనే పెద్దమనిషిని ఒకసారి గుర్తు చేసుకోండి.

పుకారు కూడా ఒక సరుకే. 2014లో రాజధాని ఎక్కడన్న మాట తేలకముందు దొనకొండ చుట్టుపక్కల ధరలు ఎలా ఎగిరాయో ప్రకాశం వాసులకు గుర్తుంది. తరువాత రాజధాని తుళ్లూరు ప్రాంతానికి వెళ్లింది. అక్కడ 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ జరిగింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన రాగానే అక్కడి బేరాలు పడిపోయాయి. 2024లో ప్రభుత్వం మారాక తిరిగి లేచాయి. ఈ ఎగుడు దిగుళ్లు దళారి సృష్టి కావు. కాని ప్రతి ఎత్తులోనూ, “వచ్చే నెలకు రెట్టింపు” అన్నది అతనే. పల్లంలో ఫోను ఎత్తనిది కూడా అతనే.

తెలిసిన మనిషి ద్వారా డబ్బు ఎలా పోతుందో అగ్రిగోల్డ్ వ్యవహారంలో చూశాం. ప్లాట్లు ఇస్తామన్న పథకాల్లో అనేక రాష్ట్రాలకు చెందిన సుమారు 32 లక్షల మంది డబ్బు కట్టారు. సి.ఐ.డి. కేసు 2015 నాటిది. 10 వేల లోపు కట్టినవారికి రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో మన గుంటూరులోనే చెల్లింపులు మొదలుపెట్టింది. అంటే అవి కూలి, నాలి చేసుకునేవారి డబ్బులు. వాటిని వసూలు చేసింది వాళ్ల వీధిలోని ఏజెంట్లే. ఆ ఏజెంట్లలో చాలామంది సొంత అక్కబావలచేత కూడా కట్టించి వాళ్లతోపాటే మునిగారు. అందుకే ఏజెంటుకు నిజాయితీతోపాటు చదువూ కావాలంటున్నాను. తాను అమ్మేదేమిటో తెలియనివాడి నిజాయితీ కొనేవాణ్ణి కాపాడదు.

మహారాష్ట్రలో రెరా అథారిటీ 2023లో ఈ పని చేసింది. ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. గడువులోగా తెచ్చుకోని దాదాపు 20 వేల మంది రిజిస్ట్రేషన్లను 2024లో నిలిపివేసింది. దుబాయిలో మన పిల్లలు చూస్తూనే ఉన్నారు, బ్రోకర్ల రిజిస్టరు కోసం 2006లోనే అక్కడ నిబంధనలు చేశారు. కార్డు లేనివాడు బేరం మాట్లాడితే నేరం. మన రాష్ట్రంలోనూ ఇలాంటి శిక్షణ తెలుగులో, ఉర్దూలో పెట్టాలి. శిక్ష పడిన ఏజెంట్ల పేర్లు ఊరి సచివాలయం గోడ మీద అంటించాలి. పాత ఇళ్లు, చేలు అమ్మించేవారిని కూడా నమోదు కిందికి తేవాలి. ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు.

మన ఇళ్లకు ప్రత్యేకంగా సంబంధించినవి రెండున్నాయి. ఒకటి, వక్ఫ్ భూమి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితాలో వక్ఫ్ భూములు కూడా ఉన్నాయి. “ముతవల్లీ సంతకం ఉంది, నోటరీ చేయిద్దాం” అనే ఏజెంటు మీకు భూమిని కాదు, వ్యాజ్యాన్ని అమ్ముతున్నాడు. రెండోది అక్కచెల్లెళ్ల వాటా. తండ్రి పోయాక కొడుకులు చేను అమ్ముతుంటే, “ఆడపిల్లల సంతకాలెందుకు, పెళ్లిళ్లు చేశారుగా” అని సలహా ఇచ్చేది తరచుగా దళారే. బేరం త్వరగా తెగాలని అతని తొందర. వాటా పోయేది ఆ బిడ్డకు. పదేళ్ల తరువాత కోర్టు మెట్లెక్కేది కొన్నవాడు. వారసుల్ని దాచిన దళారిని ఎవరూ ఏ మెట్లూ ఎక్కించరు.

మరి ఫిర్యాదులు ఎందుకు వెళ్లవు? నా విద్యార్థి తండ్రిని అడిగితే, “రోజూ జమాతులో పక్కన నిలబడే మనిషి, ఎట్లా పేరు పెట్టి రాస్తాం? గీబత్ అవుతుంది కదా” అన్నాడు. కాదు. అన్యాయానికి గురైనవాడు అధికారి ముందు మొర పెట్టుకోవడాన్ని, సలహా అడిగినవాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పడాన్ని ఇమామ్ నవవీ వంటి పండితులు గీబత్ లెక్కలోంచి తీసేశారు. నాకు తెలిసిన ఈ మాటను ఆ తండ్రికి చెప్పడానికే నేను ఇన్నేళ్లు తీసుకున్నాను.

ఈ నెలలో ఆయన రసీదులన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వచ్చాడు. రెరా అథారిటీకి అర్జీ రాసి పెట్టమన్నాడు. వెంచరు పేరు, కట్టిన తేదీలు రాశాను. ఏజెంటు పేరు దగ్గర కలం కాసేపు ఆగింది. రాశాను. ఈ ఏజెంటును మంచివాడని ఎవరు చెప్పారో కూడా రాయమంటారా అని అడిగాను. ఆయన మాట్లాడలేదు. కింద నా పేరు, చిరునామా రాసి సంతకం పెట్టాను.