కాలిబాట ఎవరి సొత్తు?

ఇంగ్లండు పల్లెసీమ యనగానే భారతీయ విద్యావంతుని మనస్సున ఒక చిత్రము మెదలును. పచ్చని గుట్టలు, వాటి నడుమ రాతిగోడలు, మేయుచున్న గొఱ్ఱెలు, సరస్సు గట్టున పసుపుపచ్చని పూలు, ఆ పూల నడుమ ఏకాకిగా తిరుగు ఒక కవి. ఈ చిత్రము ఆతడు కంటితో చూచినది కాదు. బాల్యమున వాచకములో చదివినది. కాకినాడలో గాని అలహాబాదులో గాని ఆ పూవు పూయదు. అయినను ఆ పూవును గూర్చి పరీక్షలో వ్యాసము వ్రాసి ఉత్తీర్ణులైన వారు లక్షలకొలది కలరు. వారిలో కొందఱు పిమ్మట ఆ దేశము పోయి, రెండు దినములు సరస్సుల సీమలో తిరిగి వచ్చి, హిందీలోను తెలుగులోను యాత్రాగ్రంథములు రచించిరి. ఆ గ్రంథముల సారాంశము చాలవఱకు ఒక్కటియే: అచ్చటి పల్లె ప్రకృతి యొసగిన వరము, అందు నడచుట అచ్చటి భూస్వాముల మర్యాద. ఈ రెండు మాటలును నిజము కావు.

మొదట ఆ గోడల సంగతి. యాత్రికుడు ముచ్చటపడి ఛాయాచిత్రము తీసికొను రాతిగోడలలోను ముళ్లకంచెలలోను పెక్కు పార్లమెంటు చట్టముల సంతానము. 1604 మొదలు 1914 వఱకు ఐదువేల రెండువందలకు పైగా ఆవరణ చట్టములు చేయబడినవి. వాటి మూలమున సుమారు 68 లక్షల ఎకరముల భూమి, అనగా ఇంగ్లండు విస్తీర్ణములో ఐదవ వంతుకు మించినది, ఉమ్మడి వాడుక నుండి తొలగి వ్యక్తుల వశమైనది. అంతకు ముందు ఆ బయళ్లలో బీదవాని ఆవు మేసినది. ఆతని భార్య పుల్లలేరుకొన్నది. కోత ముగిసిన చేలలో పిల్లలు పరిగె యేరిరి. చట్టము వచ్చిన పిదప కమిషనర్లు గొలుసులతో భూమిని కొలిచి, పటము గీచి, పంచిపెట్టిరి. కాగితముపై హక్కు చూపగలవానికి పాలు దక్కినది. వాడుక తప్ప కాగితము లేనివానికి కంచె దక్కినది. ఈ వృత్తాంతము వాచకములో లేదు. వాచకమునకు పూలు చాలును.

ఆ వాచకపు కవి వర్డ్స్‌వర్తు గొప్పవాడు కాడని ఎవరు ననజాలరు. ఆతడు తన జీవితకాలమున లక్షా డెబ్బదియైదువేల మైళ్లకు తక్కువగాక నడచి యుండునని ఆతని నెఱిగిన డి క్విన్సీ లెక్క కట్టెను. కాని ఆ ఏకాంతవిహారమును గూర్చి ఒక చిన్న సంగతి చెప్పవలసి యున్నది. 1802 ఏప్రిల్ 15వ తేదీన అల్స్‌వాటర్ సరస్సు గట్టున ఆ పూలను చూచినప్పుడు ఆతడు ఒంటరి కాడు. చెల్లెలు డొరతీ వెంట నున్నది. ఆ దినపు గాలిని, పూలను ఆమె దినచర్యలో వ్రాసికొన్నది. పద్యము 1807లో అచ్చయినది. పద్యములో చెల్లెలు లేదు. కవికి అంతమాత్రపు స్వేచ్ఛ నీయవచ్చును. ఈయరానిది మఱియొకటి కలదు. 1844లో విండర్‌మియర్ వైపునకు రైలుమార్గము వేయ సంకల్పించినప్పుడు, ఆతడు పత్రికకు లేఖలు వ్రాసి ప్రతిఘటించెను. మిల్లు పట్టణముల కూలివారు గుంపులుగా వచ్చి చూచినంతమాత్రమున వారికి ఆ సౌందర్యము పట్టుబడదనియు, అట్టి రుచి చిరకాలపు అభ్యాసము వలనగాని అలవడదనియు ఆతని వాదము. తన యౌవనమున ఫ్రాన్సు విప్లవమునకు జేజేలు పలికినవాడే ఈ మాట వ్రాసెను. 1847లో రైలు విండర్‌మియర్ చేరినది. కొండలు కూలిపోలేదు.

వర్డ్స్‌వర్తును చదివిన భారతీయుడు జాన్ క్లేరును చదువడు. 1793లో నార్తాంప్టన్‌షైరులోని హెల్ప్‌స్టన్ గ్రామమున కూలి యింట పుట్టిన ఈ కవి, 1809 చట్టముచే తన గ్రామపు బయళ్లు ముక్కలగుటను కన్నులార చూచెను. బాల్యమున దారి అని యెఱిగినచోట, పెద్దవాడైన పిదప దారి లేదను పలక వెలసినది. ఆ దుఃఖము ఆతని కవిత్వమున పక్షిగూళ్లతోను పొదలతోను కలిసి పలికినది. 1841 జూలైలో ఆతడు లండనుకు దాపున ఎపింగ్ అడవిలోని ఉన్మాద చికిత్సాలయము నుండి తప్పించుకొని, ఇంటికి నాలుగు దినములలో సుమారు 80 మైళ్లు నడచెను. చేత డబ్బు లేదు. ఆకలికి తాళలేక దారిప్రక్క గడ్డి తినెను. అప్పటికి మూడేండ్ల క్రిందటనే మరణించిన బాల్యసఖి తనకొఱకు ఇంట వేచియున్నదని ఆతని భ్రమ. ఇంగ్లీషు పాదయాత్రా సాహిత్యమునకు శిఖరమేది యని అడిగినచో, సరస్సు గట్టున చేసిన విహారముకంటె ముందు ఈ నడకను పేర్కొనవలసి యుండును.

ఆ ఎపింగ్ అడవిని గూర్చియే మఱికొంత చెప్పవలెను. తెలుగుదేశమునకు దానితో ఎవరును గుర్తింపని సంబంధ మొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకు ఆ అడవిని చుట్టుపట్ల భూస్వాములు తునకలుగా కంచె వేసికొనుచుండిరి. లౌటన్ గ్రామపు బీదలకు చలికాలమున కొమ్మలు నఱకుకొను పూర్వపు హక్కు ఉండెడిది. ఆ హక్కును విడువక కొమ్మలు నఱకినందులకు 1866లో ఒక కూలి కుటుంబమువారు చెఱసాలకు పోయిరి. వారి మొండితనము, 1865లో ఏర్పడిన ఉమ్మడి భూముల రక్షణసంఘపు వ్యాజ్యములు, లండను నగరపాలకుల ధనము కూడగా 1878లో ఎపింగ్ అడవి చట్టము వచ్చినది. 1882లో విక్టోరియా రాణి స్వయముగా విచ్చేసి ఆ అడవిని ప్రజల వినోదమునకు అంకితము చేసెను.

ఇప్పుడు ఆ రెండు సంవత్సరములను హిందూదేశపు వైపు నుండి చూడవలెను. అదే 1878లో అదే ప్రభుత్వము భారత అడవిచట్టమును చేసినది. తరతరముల వాడుక హక్కు కాదు, సర్కారు దయతలచి యిచ్చిన సౌకర్యము మాత్రమేయని దాని తాత్పర్యము. చెన్నపట్టణపు రెవెన్యూ బోర్డు మొదట అడ్డుపడి, గ్రామస్థుల హక్కులేని అడవి ఈ రాజధానిలో లేదని వాదించినది. ఆ గుమాస్తాలకు ఈ గౌరవము దక్కవలసినదే. ఆ వాదము నిలువలేదు. రాణి ఎపింగును ప్రజలకు అర్పించిన 1882లోనే మద్రాసు అడవిచట్టము వచ్చినది. దాని నీడ పల్నాటి పచ్చిక మీదను పడినది. 1922లో పుల్లరి చెల్లింప నిరాకరించిన కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులలో ప్రాణము విడిచెను. ఆంగ్లేయ ప్రజ తన అడవిని దక్కించుకొన్నందులకు ఎవరును అసూయపడ నక్కఱలేదు. కాని పూవును ఓడలో ఎక్కించి పంపినవారు ఆ హక్కును రేవులోనే దింపివేసిరని పాఠకుడు గుర్తుంచుకొనవలెను. వర్డ్స్‌వర్తు పద్యము తెలుగు బాలునికి బోధింపబడిన ఆ దినములలోనే ఆతని యూరి పశువు బందెలదొడ్డికి తోలబడుచుండెను.

నడచువాని హక్కు ఆ దేశమున ఎట్లు పుట్టినది? హిందీలో పగ్‌డండీ యన్నను, తెలుగున కాలిబాట యన్నను, పాదము వేసిన దారి యని అర్థము. ఇంగ్లీషు న్యాయశాస్త్రముకూడ ఈ మాటనే చెప్పుచున్నది. ప్రజలు ఇరువది సంవత్సరములు బాహాటముగా, ఎవరి అనుమతియు కోరక, అడ్డులేక ఒక దారిని నడచినచో, అది ప్రజలకు అర్పింపబడిన దారియని భావింపవలెనని 1932 చట్టము విధించినది. ఒకసారి దారియైనది, చట్టప్రకారము మూసివేయబడిననేగాని, ఎన్నటికిని దారియే. ఇందలి సూక్ష్మము గమనింపదగినది: యజమానిని అనుమతి యడిగినచో హక్కు పుట్టదు, అడుగక నడచినచో పుట్టును. 1949 చట్టము ఈ బాటలను జిల్లా పటములలో గుర్తింపవలెనని ఆజ్ఞాపించినది. ఇంగ్లండు, వేల్సులలో ఇట్టి బాటలు సుమారు 1,40,000 మైళ్లు కలవు. పొలము నడుమ గోడ దాటుటకు అమర్చిన మెట్లు చూచి, రైతు ఎంత మంచివాడని యాత్రికుడు మురియును. రైతు మంచివాడే కావచ్చును. ఆ మెట్లు మాత్రము చట్టమునుబట్టి ఉన్నవి.

బాట దాటి కొండపై తిరుగుట వేఱు సంగతి. మాంచెస్టరు, షెఫీల్డు మిల్లుల నడుమనున్న పీక్ జిల్లా కొండలు గ్రౌస్ పక్షుల వేటకొఱకు మూయబడి యుండెను. ఏడాదిలో కొలది దినములు జరుగు వేటకై ఏడాది పొడవునను కావలివారు కాచుచుండిరి. ఆదివారము తప్ప సెలవెఱుగని కార్మికునకు కిటికీ నుండి కనబడు కొండ నిషిద్ధము. కొండలలో తిరుగు హక్కు కోరుచు జేమ్స్ బ్రైస్ 1884లో పార్లమెంటున బిల్లు తెచ్చెను. అది నెగ్గలేదు, తరువాత ఎన్నిసార్లు తెచ్చినను నెగ్గలేదు. 1932 ఏప్రిల్ 24న హేఫీల్డు గ్రామము నుండి సుమారు నాలుగువందల మంది యువకులు కిండర్ స్కౌట్ కొండ యెక్కిరి. నాయకుడు బెన్నీ రోత్‌మన్ ఇరువదియేండ్ల కార్మికుడు. కావలివారితో కొంత పెనుగులాట జరిగినది. ఒకరి భూమిలో అడుగిడుట నాడు స్వతహాగా నేరము కాదు; అందుచేత అల్లరి, దౌర్జన్యము అను నేరములు మోపి ఐదుగురికి రెండు మొదలు ఆఱు మాసముల వఱకు శిక్ష విధించిరి. నడకసంఘముల పెద్దలే ఈ సాహసమును ఆమోదింపలేదనుటయు నిజమే. కాని శిక్షలు పడిన పిదప లోకాభిప్రాయము మాఱినది. విన్నట్స్ కనుమలో ఆ యేడే వేలమంది గుమిగూడిరి. అప్పటి యజమాని వంశజుడైన డెవన్‌షైర్ డ్యూకు 2002లో, డెబ్బదియేండ్ల పిమ్మట, అదే కొండ క్రింద నిలిచి క్షమాపణ చెప్పెను. అప్పటికి చెఱసాల చూచిన రోత్‌మన్ కీర్తిశేషుడై కొన్ని నెలలయినది.

భూస్వాముల పక్షమున చెప్పదగిన మాట లేదా? కలదు. కుక్కను విడిచిపెట్టి వచ్చు విహారి వలన ఈనబోవు గొఱ్ఱె బెదరి పిల్లను కోల్పోవును. వేసవిలో ఒకని నిర్లక్ష్యమున కొండ కాలిపోవును. ఈ నష్టములు కల్పితములు కావు. కాని దానికి మందు క్రమశిక్షణయేగాని నిషేధము కాదు. మఱియు పక్షిగూళ్లు చెదరునని విలపించువారు, గ్రౌస్ పక్షికి లేత మేత దొరకవలెనని తామే ఆ కొండల పొదలను వంతులవారీగా కాల్చుదురను సంగతిని చెప్పరు.

గెలుపు పూర్తియైనదని తలంపరాదు. 2000 సంవత్సరపు చట్టము కొండలు, మెట్టబయళ్లు, నమోదైన ఉమ్మడి భూములలో స్వేచ్ఛగా తిరుగు హక్కునిచ్చినది. అది ఇంగ్లండు నేలలో సుమారు నూటికి ఎనిమిది పాళ్లు. సరిహద్దు దాటి స్కాట్లండులో అడుగిడినచో, 2003 చట్టము వలన, బాధ్యతగా నడచుకొనువానికి దాదాపు దేశమంతయు తెఱచియున్నది. ఒకే ద్వీపమున, అవే గొఱ్ఱెల నడుమ, ఇంత భేదము! డార్ట్‌మూరు బయళ్లలో రాత్రి గుడారము వేసికొను అలవాటును ఒక భూస్వామి న్యాయస్థానమున ప్రశ్నింపగా, 2023 జనవరిలో ఆ హక్కు లేదని తీర్పు వచ్చినది; జూలైలో పైకోర్టు ఉన్నదనినది; 2025 మేలో సుప్రీముకోర్టు ఉన్నదని ఖాయపఱచినది. ఆకాశము క్రింద ఒక రాత్రి నిద్రించుటకు మూడు న్యాయస్థానములు!

సముద్రతీరపు సంగతి మఱియు చిత్రమైనది. మైన్‌హెడ్ నుండి పూల్ రేవువఱకు 630 మైళ్లు సాగు నైఋతి తీరపు బాటను ఏ కవియు కల్పింపలేదు. దొంగసరుకు దింపువారిని పట్టుకొనుటకు తీరరక్షకులు ప్రతి అఖాతమును తొంగిచూడవలసి యుండెను గనుక, కొండచరియ అంచును పట్టి వారి కాళ్లు వేసిన దారి అది. సుంకపువారి బాట విహారుల బాట యైనది. ఇంగ్లండు తీరమంతయు చుట్టివచ్చు బాట కావలెనని 2009లో చట్టమైనది. దాని నిడివి సుమారు 2,700 మైళ్లు. ఒక్కొక్క మైలునకును యజమానులతో వాదోపవాదములు నడచినవి. ఇండ్లు, తోటలు మినహాయింపబడినవి. అచ్చటచ్చట బాట కడలిని విడిచి లోపలికి తిరిగిపోవును.

ఆ చట్టమున ఒక నిబంధన కలదు. యార్క్‌షైరులోని హోల్డర్‌నెస్ తీరమున మెత్తని మట్టిచరియలు ఏటేట ఒకటి రెండు గజముల చొప్పున కడలిలో కూలిపోవుచుండును. పూర్వము చరియతోపాటు బాటయు, బాటతోపాటు నడచువాని హక్కును నీటిపాలగుచుండెను. ఇప్పుడట్లు కాదు. అట్టి తావులలో చరియ వెనుకకు జరిగినకొలది బాటయు వెనుకకు జరుగును. నిరుడు గోధుమ పండిన చాలులో ఈయేడు పాదచారి నడచును. దానికి ఆతడు ఎవరి అనుమతియు కోరనక్కఱలేదు.