ప్రాజెక్టు ముగిసిన పిదప సాఫ్ట్‌వేర్ ఎవరిది?

దేశంలో ఫోరేట్ గుళికల వాడకం 2020 డిసెంబరు 31 నుండి నిషిద్ధం. అంతకుముందు రూపొందిన ఒక సస్యరక్షణ యాప్ నేటికీ ఆ మందునే సిఫారసు చేస్తుంటే దానిని సరిదిద్దగలవారెవరు? నిధులు ముగిసి, ఒప్పంద పద్ధతిపై పనిచేసిన ప్రోగ్రామర్ వెళ్ళిపోయాక, సోర్స్ కోడ్ ఏ కంప్యూటరులో ఉన్నదో తెలియని సందర్భాలు వ్యవసాయ పరిశోధనకు కొత్త కావు.

ఇటువంటి స్థితే 1994లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. అక్కడి ఎన్‌సీఎస్‌ఏ కేంద్రంలో రాబ్ మెకూల్ రచించిన వెబ్ సర్వర్, అనగా కోరిన పేజీని పాఠకుని కంప్యూటరుకు పంపే ప్రోగ్రాము, అప్పటికే విస్తృతంగా వాడుకలో ఉంది. ఆయన సంస్థను వీడగానే అభివృద్ధి నిలిచిపోయింది. అయితే సోర్స్ కోడ్ అందరికీ లభ్యమై ఉండడంతో వెబ్‌సైట్ల నిర్వాహకులు ఎవరికి ఎదురైన లోపాలను వారు సవరించుకొన్నారు. 1995 ఫిబ్రవరిలో ఎనిమిది మంది ఈ సవరణలను ఒకచోట చేర్చ పూనుకొన్నారు. ఏప్రిల్‌లో తొలి విడుదల, డిసెంబరు 1న అపాచీ 1.0 వెలువడ్డాయి. 1996లోనే అది తన మాతృకను మించిపోయింది.

సూటి రకం విత్తనాన్ని రైతు దాచుకొని, ఏరుకొని, మళ్ళీ విత్తుకోగలడు. సంకర విత్తనంతో అది కుదరదు. కోడ్ లేని సాఫ్ట్‌వేర్ రెండవ కోవకు చెందినది.

కోడ్‌ను బహిరంగపరచినంత మాత్రాన చాలదు. అనేక వెబ్ సర్వర్లు ఆధారపడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతాలోపం రెండేళ్ళకు పైగా దాగి 2014 ఏప్రిల్‌లో బయటపడింది. కోడ్ అందరి ఎదుటనే ఉన్నది. దానిని చూసుకొనేవారు మాత్రం కొద్దిమందే. అపాచీ బృందం ఈ విషయంలో ముందుచూపు చూపింది. ప్రతి మార్పుపై సభ్యుల ఓటు ఉండేది. సాంకేతిక కారణం చూపితే ఒక్క సభ్యుడైనా మార్పును ఆపగలిగేవాడు. పనిచేసి చూపినవారికే సభ్యత్వం లభించేది. ఈ క్రమశిక్షణ లేనిచోట ఓపెన్ సోర్స్ అన్న మాట అలంకారమే.

అసంపూర్ణమైన కోడ్‌ను బయటపెడితే చులకన అవుతామన్న సంకోచం శాస్త్రవేత్తలలో సహజం. పదోన్నతి మదింపులో పరిశోధనా పత్రానికి ఉన్న విలువ కోడ్ సవరణకు లేకపోవడం అంతకన్నా పెద్ద అవరోధం. కాబట్టి ప్రాజెక్టు ప్రతిపాదనలోనే లైసెన్సును, విశ్వవిద్యాలయం పేరిట కోడ్ నిల్వను, నిధులు ముగిశాక బాధ్యత వహించే విభాగాన్ని పేర్కొనడం తప్పనిసరి చేయాలి. పంపిన సవరణలను మదింపులో లెక్కించాలి. పొలంలో తప్పును ముందుగా గమనించేది విస్తరణ శాస్త్రవేత్త. ఆ సవరణను కోడ్ దాకా చేర్చే దారి ఆయనకు నేడు అరుదు.