నడుముకి రివాల్వర్ ఉంటే ప్రాణానికి భరోసా ఉన్నట్టేనా? అనంతపురం అనుభవం ఏం చెబుతోంది..

అనంతపురం: చొక్కా కింద చిన్న ఉబ్బు. పక్కన గన్‌మెన్. వెనక రెండు బండ్లు. అనంతపురం జిల్లాలో ఒకప్పుడు నాయకుడంటే ఇదే గుర్తు. ఇప్పుడు ఫ్యాక్షన్ వేడి చాలావరకు చల్లారింది. ఆ ఊళ్ల పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అయినా 'ఆత్మరక్షణ' పేరుతో తుపాకీ లైసెన్సు మీద మోజు మాత్రం పోలేదు. మరి లైసెన్సు చేతికొచ్చాక ఆ తుపాకీతో రోజూ బయట తిరగడం ఎలా? చట్టం ఏమంటోంది? అంతకన్నా ముఖ్యంగా, అది నిజంగా ప్రాణం కాపాడుతుందా?

చివరి ప్రశ్నకు ఈ జిల్లా చరిత్రలోనే జవాబు దొరుకుతుంది.

2005 జనవరి 24. అప్పటి పెనుకొండ ఎమ్మెల్యే, మాజీ మంత్రి పరిటాల రవి అనంతపురంలోని టీడీపీ ఆఫీసుకు వచ్చారు. పట్టపగలు. చుట్టూ సొంత మనుషులు, గన్‌మెన్. ఆ ఆవరణలోనే ఆయన్ను కాల్చి చంపారు. ఆ కేసులో నిందితుడైన మద్దెలచెరువు సూరి 2011 జనవరి 3న హైదరాబాద్ యూసుఫ్‌గూడలో హతమయ్యాడు. కారులో వెళ్తుండగా వెనక నుంచి కాల్చింది బయటి శత్రువు కాదు, సొంత అనుచరుడు భాను కిరణ్. 2018లో నాంపల్లి కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. ఒకరు పార్టీ ఆఫీసులో, మరొకరు కారులో పోయారు. ఇద్దరికీ అది 'మన చోటు' అనుకున్న చోటే.

అంతకుముందు 1997 నవంబరు 19న జూబ్లీహిల్స్‌లో రవి లక్ష్యంగా పేల్చిన కారు బాంబు 26 మందిని బలి తీసుకుంది. వాళ్లలో షూటింగ్ కవర్ చేయడానికి వెళ్లిన టీవీ సిబ్బంది కూడా ఉన్నారు. రవి బతికారు. బాంబుకు రివాల్వర్ ఎలాగూ అడ్డం రాదు. దగ్గర నుంచి, నమ్మిన మనిషి కాల్చినా అంతే. చొక్కా పైకెత్తి తుపాకీ తీసే వ్యవధి సినిమాలో దొరుకుతుంది, బయట దొరకదు.

ఇక చట్టం సంగతి. తుపాకీ బయటికి కనిపించేలా పెట్టుకుంటే ఎదుటివాడు భయపడతాడన్నది చాలామంది లెక్క. 2016 ఆయుధ నిబంధనలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ దాని కోసమే తయారైన హోల్‌స్టర్‌లో, ఒంటికి తగిలించి ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి. మోస్తున్నవాడి అదుపులో ఉండాలి. పంచె మడతలో దోపుకోవడం, కారు డాష్‌బోర్డు మీద పడేయడం, డ్రైవర్ చేతికిచ్చి పెళ్లి భోజనానికి కూర్చోవడం.. ఇవేవీ కుదరవు. లైసెన్సు మనిషికే గానీ అతని డ్రైవర్‌కు కాదు కదా!

హోల్‌స్టర్ మాట ఉత్త లాంఛనం కాదు. చాలా రివాల్వర్లకు పిస్టల్‌కు ఉన్నట్టు విడిగా సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్‌కు ఏది తగిలి గట్టిగా నొక్కినా పేలుతుంది. జేబులో తాళంచెవి కూడా ఆ పని చేయగలదు. ట్రిగ్గర్ భాగాన్ని గట్టిగా కప్పే హోల్‌స్టర్ ఉంటేనే కూర్చున్నా, లేచినా, గుంతల రోడ్డు మీద బైక్ నడిపినా ప్రమాదం తప్పుతుంది. అందుకే లైసెన్సుకు ముందు శిక్షణ సర్టిఫికెట్ అడుగుతారు. ఇంట్లో తుపాకీని, తూటాలను భద్రంగా దాస్తానని హామీ కూడా రాయించుకుంటారు. ఇంట్లో ప్రమాదం చిన్నదేం కాదు. అమెరికాలో 2024 నవంబరులో తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి ఒక తెలుగు విద్యార్థి చనిపోయాడు. అక్కడ శత్రువు ఎవరూ లేరు.

2019లో చట్టం ఇంకాస్త బిగిసింది. ఒకరి దగ్గర మూడు తుపాకుల దాకా ఉండొచ్చన్న పరిమితి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. పెళ్లిలోనో, ఊరేగింపులోనో ఇతరులకు ముప్పు కలిగేలా గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

అనంతపురం వాళ్లు అసలు చూసుకోవాల్సింది మాత్రం ఇంకొకటి ఉంది. లైసెన్సు మీద ఏ ప్రాంతం రాసి ఉంటే అక్కడివరకే అది చెల్లుతుంది. ఇక్కడి జనానికి ఆస్పత్రి, వ్యాపారం, పెళ్లి బట్టలు.. అన్నింటికీ బెంగళూరే. గుంతకల్లు, రాయదుర్గం వైపు వాళ్లకు బళ్లారి. ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లే లైసెన్సుతో కొడికొండ చెక్‌పోస్టు దాటి కర్ణాటకలోకి అడుగుపెడితే చాలు, అప్పటిదాకా చట్టబద్ధమైన తుపాకీయే కేసు పెట్టదగ్గ సాక్ష్యం అవుతుంది. పైగా రాష్ట్రం విడిపోయాక హైదరాబాద్ కూడా పక్క రాష్ట్రమే. పాత అలవాటుతో బండెక్కేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఎన్నికలొస్తే మళ్లీ వేరే కథ. కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లో అప్పగించమంటారు. బ్యాంకు గార్డుల్లాంటి వాళ్లకు మినహాయింపు ఉంటుంది. మంచి ఏర్పాటే. కానీ 2024 మే 13 పోలింగ్ తర్వాత తాడిపత్రిలో ఏం జరిగింది? రాళ్ల వర్షం కురిసింది. ఎన్నికల సంఘం ఏకంగా జిల్లా ఎస్పీనే సస్పెండ్ చేసింది. రాయికి లైసెన్సు అక్కర్లేదు. ఫ్యాక్షన్ రోజుల్లో నాటు బాంబుకూ అక్కర్లేకపోయింది.

ఈ గోలలో ఎవరి మాటా వినపడనిది రైతుకే. పంట కాపలాకు నాటు తరహా మజిల్ లోడర్ లైసెన్సు ఇచ్చే వీలు 1959 ఆయుధ చట్టంలోనే ఉంది. బోరు కింద రబీ వేరుశనగ వేసి, రాత్రిళ్లు అడవి పందుల కోసం మేలుకొనే రైతు నడుముకి తుపాకీ కట్టుకుని తిరగడు. నాయకుడి రివాల్వర్‌తో పాటు అతని తుపాకీ కూడా కోడ్ వచ్చిందంటే స్టేషన్‌కు చేరాల్సిందే. 2024లో కోడ్ మార్చి 16న మొదలైంది, రబీ వేరుశనగ పీకే రోజుల్లోనే. ఆ కోడ్ పందులకు మాత్రం వర్తించలేదు.